చప్పుడు లేని బండి

దబీర్‌పురా,
2024 జూన్ 9

జోయెల్‌కు నానమ్మ రాహేలు రాసేది,

నీ ఉత్తరం అందింది. దాని మీద జైలు ఆఫీసు ముద్ర నీ చేతిరాత కంటే అందంగా ఉంది. ములాఖాత్‌కు ఎందుకు రావు అని అడిగినవ్. మోకాళ్ళ నొప్పులని రాయమన్నరు చర్చిల. ఈ వయసుల అబద్ధమెందుకు? నీ మొహం ఇనుప జాలీ వెనక కనబడితే నా చెయ్యి లేస్తది. మధ్యల జాలీ ఉంటది. లేచిన చెయ్యి ఊరికే దిగుడు ముప్పై ఏండ్లు ఆడపిల్లల బడిల తెలుగు చెప్పిన నాకు అలవాటు లేదు.

ఇంటి కబుర్లు. సోనీ దవడ రెండో ఆపరేషన్ అయినంక ఇప్పటికి అతికింది. లోపల పెట్టిన తీగ తీసేసిండ్రు. ఇంకా ఎడమ పక్క నమలదు. నువ్వు మొగుడివి కాబట్టి తెలుసుకోవాలె అని రాస్తున్న, నువ్వడగలేదు. నీ బిడ్డ స్రవ్య ఒకటో తరగతికి వచ్చింది. 'నాన్న' అని పలక మీద రాయమంటే నాన్న పక్కన బండి బొమ్మ వేసి, రెండూ కలిపి తుడిచేసింది.

ఇప్పుడు పని మాట. ఇంటికి కరెంటు మోటార్‌సైకిల్ ఒకటి కొనాలనుకుంటున్న. పొద్దున ఆరింటికల్లా దవాఖాన డ్యూటీకి చేరాలె. ఆ వేళకు ఆటోవాళ్ళు దేవుళ్ళతో సమానం, ఉన్నరని నమ్మాలె గాని కంటికి కనబడరు. స్కూటర్ మంచిదా, మోటార్‌సైకిల్ మంచిదా? బ్యాటరీ ఎట్లాంటిది చూడాలె? వానకు తట్టుకుంటదా? సీటు ఎత్తు తక్కువుండాలె, కాళ్ళు నేలకు ఆనాలె.

నిన్నెందుకు అడుగుతున్ననంటే, బండ్ల గురించి నువ్వు ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. మొఘల్‌పురా నుంచి గూడ బండ్లు తోసుకుంటూ నీ షెడ్డుకే వచ్చేటోళ్ళు. మనుషుల సంగతి వేరే.

ఇట్లు,
పళ్ళన్నీ సొంతవే ఉన్న మీ నానమ్మ

*

జైలు నుంచి,
జూన్ 20

నానమ్మా, వందనాలు.

నీ ఉత్తరం చదివి మస్తు ఖుష్ అయిన. నా బ్యారక్‌ల అందరికి చెప్పిన, మా నానమ్మ నాకు కొత్త బండి కొంటున్నదని. ఒకడు నవ్విండు. మర్నాడు రోటీ లైన్ల వాడే నన్ను నూకిండు. వాని చెయ్యి ఎనకకు మడత పెట్టిన, టక్ మన్నది. నా తప్పు లేదు. వార్డరు చూడలే. పేరు ఖరాబ్ కాలే, ఫికర్ చెయ్యకు.

ఇగ బండి. స్కూటీ వద్దు. చిన్న చక్రాలు మన గల్లీ గుంతల్ల పడితే నడుం ఇరుగుతది. మోటార్‌సైకిలే తీసుకో. కంపెనీ వాడు చెప్పే కిలోమీటర్లు నమ్మకు, మూడు వంతులు చెప్తే రెండు వంతులు పట్టుకో. బ్యాటరీ ఊడదీసి ఇంట్లకు తెచ్చుకునేది చూడు. కిటికీల నుంచి వైరు ఏలాడదీస్తే పోరగాండ్లు పీకుతరు. మోటర్ చక్రంల ఉండేది వద్దు, నడుమ ఉండేది తీసుకో. బ్రిడ్జి కింద మోకాళ్ళ లోతు నీళ్ళు నిలుస్తయి గద. టెస్ట్ రైడ్ ఖాళీ రోడ్డు మీద కాదు, ఎత్తు మీద ఎక్కించి చూడు, వెనక మనిషిని కూసోబెట్టి.

సీటు పొట్టిగుండాలె అన్నవు. ముందుగాల సమజ్ కాలే, నేను ఆరడుగులోణ్ణి గద. తర్వాత సమజైంది. నువ్వు వెనక ఎక్కాలె. ఎక్కిస్త నానమ్మా, ప్రతి ఆదివారం చర్చికి తోల్కపోత. సోనీని దవాఖాన కాడ దించుడు, తెచ్చుడు ఎప్పటి లెక్క నా డ్యూటీయే. నేను దించకుంటే అది ఎట్ల పోతది?

హెల్మెట్ కొత్తది కొనకు. నాది ఉంది గద, మస్తు గట్టిది.

నీ మనవడు,
జోయెల్

*

దబీర్‌పురా,
జులై 7

ఆరడుగుల జోయెల్‌కు,

నీ సలహాలు పరీక్షకు పోయే పిల్ల లెక్క బట్టీ పట్టి షోరూముకు పోయిన. బేగంబజార్‌ల గిన్నెలమ్మిన సేట్ మనవడు ప్రహ్లాద్ ఇప్పుడు కరెంటు బండ్లు అమ్ముతున్నడు. నన్ను చూసి కుర్చీ వేయించి, "అమ్మాజీ, ఒక్కసారి చార్జి, సీదా నూటయాభై కిలోమీటర్లు" అన్నడు.

"మీ తాత నాకు కంచని చెప్పి ఇత్తడి చెంబు ఇచ్చిండు. ఆ చెంబు ఇంకా ఉంది, తెమ్మంటవా?" అన్న.

"వంద వస్తది అమ్మాజీ" అన్నడు వెంటనే.

మోటర్ నడుమ ఉండేది చూపించమంటే వాడు నన్ను మళ్ళీ ఒకసారి చూసిండు. "ఎవరు చెప్పిండ్రు మీకు ఇవన్నీ?"

"మా మనవడు. మెకానిక్."

"ఎక్కడుంటడు?"

"సర్కారు క్వార్టర్‌ల. తిండి, బట్ట అన్నీ వాళ్ళే ఇస్తరు."

"నసీబ్‌వాలా" అన్నడు ప్రహ్లాద్. నేను కాదనలేదు.

సోనీ కూడా వచ్చింది. ప్రహ్లాద్ వాళ్ళ అన్న కూతురు కీర్తిప్రియ, అక్కడ బండి నేర్పే పిల్ల, ఒక హెల్మెట్ తీసి సోనీ మొహం దగ్గరికి తెచ్చింది, సైజు చూద్దామని. సోనీ వెనక్కి వెనక్కి పోయి అద్దం తలుపుకు తగిలింది. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని కూలబడ్డది. గొంతుల నుంచి వచ్చిన శబ్దం మనిషిది కాదు. షోరూమంతా చూసింది. కీర్తిప్రియ అడగకుండనే అర్థం చేసుకున్నది. హెల్మెట్ నేల మీద పెట్టి, తను కూడా నేల మీదనే కూర్చున్నది.

అన్నట్టు, నీ హెల్మెట్ కోర్టువాళ్ళ దగ్గర ఉంది, చీటీ కట్టి. దాని గట్టితనానికి సర్టిఫికెట్ నువ్వివ్వనక్కర లేదు, సోనీ ఎక్స్‌రే ఇచ్చింది.

ఇంకో మాట. నీ బుల్లెట్ అమ్మితే ఆ పైసలు ఈ బండి ధరల కలుపుకుంటమని ప్రహ్లాద్ అంటున్నడు. అది నీ పేరు మీద ఉంది. ఇష్టమైతే కాగితాల మీద సంతకం పెట్టి పంపు. ఇష్టం లేకుంటే ఉన్నచోటనే తుప్పు పట్టనియ్యి, నాకు కోపం లేదు.

ఇట్లు,
చెంబు మర్చిపోని నానమ్మ

*

జైలు నుంచి,
జులై 19

నానమ్మా,

సంతకాలు పెట్టిన కాగితాలు ఇందుల్నే ఉన్నయి. బుల్లెట్ పోతే పోనియ్యి, కొత్తది వస్తున్నది గద.

నల్ల రంగు చెప్పు. ఇంకోటి, ఈ కరెంటు బండ్లకు చప్పుడుండది, సైకిల్ లెక్క పోతయి. మొగోడు వస్తున్నడని గల్లీకి తెలువద్దా? ఒక స్పీకర్ వస్తది నానమ్మా, బండికి బిగిస్తే బుల్లెట్ లెక్క డబ్ డబ్ అంటది. ప్రహ్లాద్‌తోని గది పెట్టించు.

సోనీ షోరూంల డ్రామా చేసిందని రాసినవ్. నేను వచ్చినంక బాగైతది. ఆ రోజు నేను తాగున్న. సాలన్‌ల ఉప్పు లేదంటే, వేసుకో అన్నది. నవ్వుకుంట అన్నది. చేతిల హెల్మెట్ ఉండె, తగిలింది. చేతిల ఏం లేకుంటే గింత లొల్లి అయ్యేదా? నసీబ్.

అసలు ఖబర్ విను. మంచి నడతోళ్ళను పంద్రాగస్టుకు ముందే వదుల్తరట, లిస్టుల నా పేరుంది. కొత్త బండి నా దోస్త్ వెస్లీకిచ్చి జైలు గేటు కాడికి పంపు. దాని మీదనే ఇంటికొస్త. సోనీని చీర కట్టుకొని గడప కాడ నిలబడమను.

జోయెల్

*

దబీర్‌పురా,
ఆగస్టు 1

జోయెల్‌కు,

బండి వచ్చింది. తెల్లది. తెల్లారకముందు రోడ్డు మీద లారీవాళ్ళ కంటికి ఆనాలంటే తెలుపే మంచిదని కీర్తిప్రియ చెప్పింది. స్పీకర్ పెట్టించలేదు. ఎందుకో రాస్తున్న, నిదానంగా చదువు.

నీ బుల్లెట్ చప్పుడు రైలు స్టేషన్ మలుపు దగ్గరనే మాకు వినబడేది. ఆ మలుపు నుంచి మన గడపకు వచ్చేలోపల ఈ ఇంట్ల ఎవరి పని వాళ్ళకు ఉండేది. సోనీ గాజులు తీసి గూట్ల పెట్టేది, పగిలి గుచ్చుకోకుండ. నేను కత్తిపీట బియ్యం డబ్బా వెనక దాచేదాన్ని. స్రవ్య మంచం కింద దూరి, చెవులు మూసుకుని, గోడ వైపు తిరిగి పడుకునేది. ఆ పిల్లకు ఎవ్వరమూ నేర్పలేదు. నడక కంటే ముందు అదే వచ్చింది. ఇంజన్ ఆగిన తర్వాత నీ చెప్పుల చప్పుడు ఎట్లా ఉన్నదో విని, ఈ రోజు తిట్లా, దెబ్బలా అని సోనీ నాకు సైగ చేసేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. నీ పెండ్లాం తెలివిగలది, నీకు తెలిసే అవకాశం రాలేదు.

మొన్న ఒక అబ్బాయి మన గల్లీలకు బుల్లెట్ మీద వచ్చిండు, ఎవరి ఇంటికో. నువ్వు లోపలికి పోయి ఏడాదిన్నర దాటింది. స్రవ్య తింటున్న పళ్ళెం వదిలిపెట్టి మంచం కిందకు పోయింది. అందుకే స్పీకర్ లేదు.

ఇంకో సంగతి, నువ్వు మొదటి నుంచి తప్పుగ అనుకుంటూ వస్తున్నవు. నువ్వు అనుకుంటున్నవని తెలిసీ నేను దిద్దలేదు. నీ సంతకం అయ్యేదాక దిద్దవద్దనే అనుకున్న. ఈ బండి నీది కాదు. ఆరింటికి డ్యూటీకి పోయేది సోనీ, పొట్టి మనిషి సోనీ, బండి సోనీ పేరు మీద ఉంది, నడిపేదీ సోనీయే. స్టేషన్ వెనక ఖాళీ జాగల నేర్చుకుంటున్నది. రెండుసార్లు పడ్డది. హెల్మెట్ మాత్రం ఇంకా పెట్టుకోలేదు. కొన్నప్పటి కవరు విప్పకుండ హ్యాండిల్‌కు తగిలించుకుని తిరుగుతున్నది. పోలీసు ఒకడు ఆపితే, పాపం, వాని ఎదుటనే ఏడ్చింది.

నువ్వు దించకుంటే ఎట్ల పోతది అని రాసినవు గద. ఇట్ల పోతది.

నానమ్మ

*

ఆగస్టు 6

ఏం నానమ్మా,

ఈ కాగితం మీద జైలు ముద్ర లేదు చూడు. వెస్లీ చేతికిచ్చి పంపుతున్న, ఎవ్వడు చదవడు, గందుకే ఉన్నదున్నట్టు రాస్తున్న.

నా బుల్లెట్ అమ్మి నా పెండ్లానికి బండి కొన్నవా. నాతోనే మోటర్ ఎట్లుండాలె అని చెప్పించుకున్నవా. బ్యారక్‌ల ఏం మొహం పెట్టుకోవాలె?

వెస్లీ స్టేషన్ ఎనక సొంత కండ్లతోని చూసిండు. అది ముందట, ఎనక ఒక మొగోడు, దాని నడుం మీద చెయ్యేసి. ప్యాంటు, హెల్మెట్, మొహం కనబడలే. ఎవడు వాడు? పేరు చెప్పు. చెప్పకున్నా తెలుసుకుంట. వాని కాళ్ళు రెండు ఇరగ్గొడుత, దాని రెండో పక్క దవడ గూడ ఈసారి తీగతోని కాదు, సుతారి మేస్త్రి సిమెంట్ పెట్టినా అతుకది.

బండి చావి వెస్లీకియ్యి. ఇయ్యకపోతే ఒక్కటే మాట. పెట్రోల్ లేని బండి గూడ మండుతది నానమ్మా. బండితోని ఇల్లు, ఇంట్ల ఉన్నోళ్ళు. నేను పంద్రాగస్టుకు వస్తున్న.

జోయెల్

*

దబీర్‌పురా,
ఆగస్టు 10

జోయెల్‌కు,

కుడి కనుబొమ్మ మీద కుట్లున్నయి, అక్షరాలు వంకర పోతే అర్థం చేసుకో.

ముందుగాల ఆ మొగోని పేరు. వాని పేరు కీర్తిప్రియ. ప్యాంటు వేసుకుంటది, హెల్మెట్ పెట్టుకుంటది. నేర్చుకునే మనిషి పడకుండ నడుం పట్టుకుంటది. కాళ్ళు రెండూ ఇప్పటివరకు బాగనే ఉన్నయి.

వెస్లీ పగటిపూటనే వచ్చిండు, సోనీ డ్యూటీ నుంచి వచ్చి వాకిట్ల బండి తుడుస్తున్నప్పుడు. నీ ఉత్తరం నా చేతికిచ్చి నిలబడ్డడు. నేను అద్దాలు తెచ్చుకుని రెండుసార్లు చదివిన.

"ఏందవ్వా, ఎంతసేపు?" అన్నడు.

"తప్పులు మస్తున్నయి నాయనా, దిద్దుకుంట చదవాలె గద" అన్న.

"చావి ఇయ్యి."

"చావి బండి ఓనర్ దగ్గర ఉంటది. అడుక్కో."

వాడు అడగలేదు. సోనీ జుట్టు పట్టి గోడకు కొట్టిండు. ఆమె అరవలేదు. అలవాటు. చేతులు తమంతట తామే మొహానికి అడ్డం పోయినయి. నేను చపాతీలు చేస్తూ లేచి వచ్చిన మనిషిని, కర్ర చంకలనే ఉంది. వాని మణికట్టు మీద కొట్టిన. టక్ మన్నది, నువ్వు రాసినట్టే. ఈ గుణం నీకు మీ నాయన ప్రకాశం వైపు నుంచి ఎట్లా వచ్చిందా, వాడు దోమను కూడా కొట్టకుండ ఊదేవాడు గద అని ఇన్నాళ్ళు ఆలోచించిన. ఇప్పుడు తెలిసింది.

వాడు రెండో చేత్తో నన్ను నూకిండు. మోరీ కాలువ బండకు తల తగిలి కింద పడ్డ. కండ్లలకు రక్తం వచ్చింది. వాడు కాలు ఎత్తుడు కనబడ్డది. దాని తర్వాత కనబడ్డది సోనీ.

హ్యాండిల్‌కు తగిలించిన హెల్మెట్ కవరుతోనే తీసింది. వాని మూతి మీద కొట్టింది. ఆ చప్పుడు నేను ఇదివరకు ఒకసారి విన్న, అందుకే గుర్తుపట్టిన. ముందటి పళ్ళు మోరీల పడ్డయి. ఇంకోసారి కొట్టింది. వాడు మోకాళ్ళ మీద కూర్చున్నడు. ఇంకోసారి ఎత్తింది. నేను కొంగు పట్టి గుంజి ఆపిన, అంత ఇష్టం లేకనే.

సోనీ ఆ హెల్మెట్ దిక్కు చూసింది. తర్వాత చిరిగిన కవరు తీసేసి, లోపల చెయ్యి పెట్టి మెత్తటి గుడ్డ తడిమింది. తలకు పెట్టుకున్నది. నన్ను లేపి వెనక కూర్చోబెట్టి, ఆమె పనిచేసే దవాఖానకే తీసుకుపోయింది. దారిలో బ్రిడ్జి కింద నీళ్ళు. మోటర్ ఆగలేదు. సీటు పొట్టిగ ఉంటే నేను వెనక ఎక్కగలనని కూడా సరిగ్గ చెప్పినవ్ నాయనా, నా కాళ్ళు అందినయి. వెనక ఎక్కిస్తనని మాట ఇచ్చినవు, ఎవరి చేతనన్నా నెరవేరింది.

కుట్లు పడంగనే పోలీసు స్టేషన్‌కు పోయినం. నీ ఉత్తరం ఇచ్చిన. ముద్ర లేదు గద, ఇది ఆయనదే అని ఎట్లా నమ్మాలె అన్నడు ఇన్‌స్పెక్టర్. నీకు అక్షరాలు దిద్దించింది నేనే అని చెప్పిన. 'జ' తోకను ఎప్పుడూ వెనక్కి తిప్పుతవు, ఎన్ని బెత్తం దెబ్బలు తిన్నా మారలేదు. సంతకం పెట్టి సాక్ష్యం ఇచ్చిన.

రాహేలు

*

జైలు నుంచి,
ఆగస్టు 22

నానమ్మా,

లిస్టుల నుంచి నా పేరు కొట్టేసిండ్రు. వెస్లీ పోలీసులకు నా పేరు చెప్పిండట, నేను రాసిన ఉత్తరం ఉండనే ఉంది. మూడు దినాలు అన్నం తినలే. బ్యారక్‌ల నవ్విన వాడు మళ్ళ నవ్విండు, ఈసారి నేను ఏం చెయ్యలే.

నువ్వు నా నానమ్మవా, దాని నానమ్మవా? అమ్మ, బాపు పోయినంక నన్ను ఎత్తుకున్న చేతులు గద అవి. నన్నే పోలీసులకిచ్చినవ్.

శిక్ష నవంబర్‌ల పూరా అయితది, కొత్త కేసుల బెయిల్ దొరుకుతదంట. గప్పుడు ఎవ్వడు ఆపలేడు. నేను ఇంటికే వస్త. ఇంకెక్కడికి పోత? ఇగ ఎన్నడు కొట్ట. ఒట్టు. సోనీకి చెప్పు. నేను వచ్చి తలుపు కొడితే, తీస్తవా, తియ్యవా? గది ఒక్కటి రాయి.

జోయెల్

*

దబీర్‌పురా,
నవంబర్ 3

జోయెల్‌కు,

నువ్వు అడిగింది ఒక్క ప్రశ్న. జవాబుకు ఇన్నాళ్ళు పట్టింది, కోర్టు నా కంటే మెల్లగ రాస్తది కాబట్టి.

తియ్య.

ఇల్లు నా పేరు మీద ఉండేది, ఇప్పుడు సోనీ పేరు మీద రాసిన. నువ్వు ఈ ఇంటికి, ఆమె దవాఖానకు, స్రవ్య బడికి దగ్గరికి రావద్దని కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. నకలు నీకు అక్కడనే అందుతది. ఒట్టు వేసినవు. నువ్వు ఇంతకుముందు వేసిన ఒట్లన్నీ సోనీ ఒంటి మీద ఉన్నయి, తడిమి చెప్తది.

ఎవరి నానమ్మవు అన్నవు. నీ నానమ్మనే. అందుకే ఈ పని నేను చేసిన, బయటివాళ్ళకు వదిలిపెట్టలేదు.

గేటు దగ్గర నీ కోసం ఎవరూ ఉండరు. చప్పుడు వినబడుతదేమో అని చూడకు, ఆ బండికి చప్పుడు లేదు. నీ పానాల డబ్బా, షెడ్డు తాళంచెవి ప్రహ్లాద్ దుకాణంల పెట్టిన. సర్వీసింగ్‌కు వచ్చే బండ్లు చాలా ఉన్నయి, మెకానిక్ దొరుకుతలేడని అంటున్నడు. నువ్వెక్కడి నుంచి వస్తున్నవో ఈసారి ఉన్నదున్నట్టు చెప్పిన. కొంచెంసేపు గడ్డం గోక్కున్నడు. రమ్మను, బండ్లతోనే మాట్లాడాలె, మనుషులతో కాదు అన్నడు. నువ్వు ముసలివాడివి అయ్యేదాక అట్లనే ఉంటే, నేను బతికి ఉంటే, ఒకరోజు ఆ దుకాణంల చాయ్ తాగుదం. అంతకు మించి నా దగ్గర లేదు.

నిన్నటి సంగతి ఒకటి రాసి ఆపేస్త. నేను వాకిట్ల కూర్చుని బియ్యం ఏరుకుంటున్న, నా కుట్ల మచ్చ ఎండకు చిరచిరలాడుతుంటే. లోపల స్రవ్య నేల మీద బోర్లా పడుకుని బొమ్మ గీస్తున్నది. మంచం కింద ఇప్పుడు ఉల్లిగడ్డల బుట్ట పెట్టినం. సోనీ బండి వచ్చి ఆగింది, నాకే తెలియలేదు, నీడ పడితే తల ఎత్తిన. హెల్మెట్ తీసి చేతిల పట్టుకుని గడపల నిలబడ్డది.

పిల్ల తల తిప్పి చూసింది.

"అమ్మా, ఎప్పుడొచ్చినవ్?" అన్నది.

ఈ ఇంట్ల ఆ మాట ఇదివరకు ఎవరూ ఎవరినీ అడగలేదు. అందరికీ ముందే తెలిసేది.

మీ నానమ్మ,
రాహేలు